గోడ పక్క సీటు

ఫోను నా ముందు పెట్టి, నీ చిన్నప్పటి కబుర్లు చెప్పు నాయనమ్మా అంటారు. నా పెళ్ళి గురించి చెప్పించుకున్నారు. తెనాలిలో మా వీధి చివర సినిమా హాలు కాలిపోయిన సంగతి చెప్పించుకున్నారు. మీ తాతయ్య సైకిలు పోయిన కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. మీ అమ్మని కన్న తల్లి గురించి అడగడానికి మాత్రం ఇంతవరకూ ఒక్కరికీ నోరు రాలేదు.

నిన్న ఆ నూడుల్స్ హోటల్లో గోడ పక్క సీటు కోసం అక్కా తమ్ముళ్ళిద్దరూ ఎలా కొట్టుకున్నారో చూశాను. ఈసారి వంతు మీ నాన్నదని తేలాక మూతులు ముడుచుకుని కూచున్నారు. ఆ సీటుకి వంతులేమిటి, అందులో కూచున్న వాళ్ళు మంచినీళ్ళకి కూడా లేవకూడదనే రూలేమిటి, ఈ కాల్గరీలో ఇంకే ఇంట్లోనూ లేనిది మన ఇంట్లో ఎందుకుంది అని మీ బుర్రల్లోకి ఎప్పుడైనా వచ్చిందా? పదిహేనేళ్ళొచ్చాయి ధాత్రీ నీకు. కెనడా గవర్నమెంటు పెట్టిందనుకున్నావా? నిశాంతూ, నవ్వకు. నీ సంగతి కూడా వస్తుంది ఇందులో.

మీ అవ్వ పేరు చంద్రకళ. కడప మనిషి. బస్టాండు వెనక సందులో వాళ్ళకి మెస్సు ఉండేది. మీ అమ్మ నాన్నగారు వీరరాఘవులు గారు గల్లాపెట్టె దగ్గర కూచునేవారు. మిగతాదంతా ఆవిడే. బ్యాంకు గుమస్తాలు, కోర్టు పని మీద వచ్చినవాళ్ళు, ఆస్పత్రిలో మనిషిని పెట్టుకుని దిక్కులు చూసే పల్లెటూరి వాళ్ళు, అందరికీ ఆ సందులోనే అన్నం. ఆ మెస్సులో గోడ మీద రాయని చట్టం ఒకటుండేది. ఆకు ముందు కూచున్న మనిషిని ఇంకొంచెం వెయ్యనా అని అడక్కుండా లేవనివ్వకూడదు. దాన్ని మారు వడ్డించడం అంటారు. వద్దంటే మళ్ళీ అడగాలి. అప్పుడూ వద్దంటే ఇంకోసారి అడగాలి. ఆ మనిషి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా సరే, వేళ్ళ సందుల్లోంచి గరిటెడు పప్పు జారవిడిచేది మీ అవ్వ. చేతికి అంటుకున్న పప్పుతో తిట్టుకుంటూనే ఆ గుమస్తాలు మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

మరి ఆవిడ ఎప్పుడు తినేది? అందరూ పోయాక, బల్లలు తుడిచాక, సాయంత్రం కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగకుండా ఒక కన్ను అటు వేసి, గిన్నె అడుగున మిగిలింది నిలబడి తినేది. చల్లారిపోయిన అన్నం, కూరలో ముక్కలు అయిపోగా మిగిలిన గుజ్జు. మిమ్మల్ని ఎవరైనా మారు అడిగారా వదినగారూ అని నేనోసారి ఉండబట్టలేక అడిగాను. మడతపెడుతున్న బట్ట ఒళ్ళో పెట్టుకుంది. పెళ్ళిలో అడిగినారు, అప్పుడు సిగ్గుపడి వద్దంటి, వాళ్ళు సరేనని పాయిరి అంది.

వీరరాఘవులు గారు పోయాక ఆ మెస్సు ఇంకెవరికో ఇచ్చేసి, మీ అమ్మ పిలిస్తే తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఇక్కడికి వచ్చింది. అప్పటికి నిశాంతుకి నడక వచ్చీరాని వయసు. నీకు నాలుగేళ్ళు ధాత్రీ. మీ అమ్మ మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. నేను అప్పటికే ఈ ఇంట్లో పాతుకుపోయి ఉన్నాను. ఒక వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్ళం. నేను చూడకుండా నా పప్పులో ఎర్రకారం వేసేది. ఆవిడ చూడకుండా ఆవిడ పులుసులో నేను బెల్లం వేసేదాన్ని. మీ నాన్న రెండూ తిని రెండూ బాగున్నాయనేవాడు, వాడికి అంతకంటే గత్యంతరం లేదు. గారూ గీరూ అని మర్యాదలు మాత్రం ఎక్కడా తగ్గేవి కావు. తిట్టుకునేటప్పుడు కూడా మీరు అనే తిట్టుకునేవాళ్ళం.

ఆ బట్టలు మడతపెట్టిన రోజే తన కోరిక కూడా చెప్పింది. తిరిగి ఊరికి పోయేలోపల ఒక్కసారి హోటల్లో కూచోవాలి. ఎవరో వడ్డించాలి. వేడివేడిగా, చివరిదాకా లేవకుండా తినాలి. అంతే. కాశీ అడగలేదు, నయాగరా అడగలేదు. నాకు నవ్వొచ్చింది. ఈ ఇద్దరు రాక్షసులు ఉండగా అది జరిగే పని కాదని చెప్పాను.

ఇద్దరు రాక్షసులంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదుగా. పోనీ చెబుతాను వినండి. మిమ్మల్ని హోటలుకి తీసుకెళ్ళడమంటే పెళ్ళివారిని తరలించినట్టు. డైపర్ల సంచీ, మార్చే బట్టల సంచీ, పాల సీసా, నిశాంతు ముఖం తుడిచే గుడ్డలు, అవి చాలవని ఇంకో కట్ట. ఇవన్నీ కారెక్కించి, కోట్లు తొడిగి, బూట్లు తొడిగి బయలుదేరేసరికి ధాత్రికి బాత్రూం వచ్చేది. మళ్ళీ అన్నీ విప్పాలి. హోటల్లో కూచోగానే నిశాంతుకి ఆ ఎత్తు కుర్చీ పనికిరాదు. వాడికి నా ఒడి కావాలి, నా ఒళ్ళో కూచుంటే మీ అమ్మ ఒడి కావాలి, మీ అమ్మ ఎత్తుకుంటే పక్క బల్ల వాళ్ళ ఒడి కావాలి. చెంచా ఇస్తే విసిరేవాడు. మీ అవ్వ తీసి ఇచ్చేది, మళ్ళీ విసిరేవాడు. ఆవిడ మళ్ళీ తీసేది. వాడికది ఆట, ఆవిడకది మెస్సు అలవాటు. కింద పడింది చూసి ఊరుకోలేదు. భోజనం బల్ల మీదికి వచ్చేసరికి మీ అవ్వ ఎప్పుడూ బల్ల కింద ఉండేది.

ఆ రోజుల్లో మీ అమ్మ ఎడమ చేత్తో వీణ్ణి పట్టుకుని కుడి చేత్తో నీకు తినిపించేది ధాత్రీ. నువ్వు నమలకుండా బుగ్గలో పెట్టుకుని కూచునేదానివి. మీ నాన్న ఒక్కడే తన ప్లేటు ఖాళీ చేసేవాడు, ఎందుకంటే ఎవరో ఒకరు బిల్లు కట్టాలి కదా అనేవాడు. అందరం తినకుండానే డబ్బాల్లో కట్టించుకుని ఇంటికొచ్చేవాళ్ళం. ఇంట్లో ఆ చల్లారినవి నిలబడి తినేవాళ్ళం. హోటల్లో తిన్నామని పేరు మాత్రం మిగిలేది.

తర్వాత బూట్ల గొడవ జరిగింది. బూట్లతో అన్నం తినకూడదని, ఇంటికెవరొచ్చినా విప్పించమని నీకు నేర్పింది అవ్వే. నువ్వు బుద్ధిమంతురాలివి, విన్న మాట ఎక్కడైనా ఒకటే అనుకున్నావు. ఓ ఆదివారం ఒక పెద్ద హోటల్లో బల్ల కింద దూరి కనబడకుండా పోయావు. మేం వెతుకుతూనే ఉన్నాం. రెండు బల్లల అవతల ఎర్రటి టోపీ పెట్టుకున్న ఓ భారీ మనిషి బల్ల కింద కూచుని, పాపం ఆయనకి తెలియకుండా రెండు బూట్ల లేసులూ ఊడదీసి, ఒక బూటు సగం లాగేశావు. ఆయన లేచాడు. లేచినవాడు ముందుకి రెండడుగులు వేసి సూప్ పట్టుకొస్తున్న అమ్మాయి మీదికి వాలాడు. సూపు ఎటు పోయిందో నేను చెప్పను. నువ్వు బల్ల కిందనుంచి ఆ బూటు పట్టుకుని బయటికొచ్చి, మీ నాన్నకి ప్రైజు చూపించినట్టు చూపించావు.

ఆ మనిషి మంచివాడు. తనే సారీ చెప్పుకుంటూ ఒక కాలి బూటుతో గెంతుతూ వచ్చి రెండోది తీసుకున్నాడు. మీ అమ్మ మాత్రం కారెక్కాక కళ్ళు తుడుచుకుంది. ఇంక పిల్లలకి పదేళ్ళు నిండేదాకా హోటలు మాట ఎత్తితే ఊరుకోనని చెప్పేసింది. వెనక సీట్లో నా పక్కన మీ అవ్వ. తన డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చల్లారిందా లేదా అని మూత మీద చెయ్యి వేసి చూసుకుంటోంది. ఆవిడ తిరుగు టికెట్టు ఆ నెలాఖరుకే ఉంది.

నాకు ఆ చెయ్యి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. శనివారం శనివారం మమ్మల్నిద్దర్నీ గుడికి కారులో దింపేది పద్మిని అని ఒకావిడ, మన వీధిలోనే, ఇప్పుడు ఎడ్మంటన్ వెళ్ళిపోయారు. ఆ వారం గుడికి కాదని, మమ్మల్ని ఏదైనా హోటలు దగ్గర దింపమని పద్మినికి చెప్పాను. దేవుడి పేరు చెప్పి హోటలుకా ఆంటీ, నాకు పాపం తగులుతుంది అంది. పాపం మేం పంచుకుంటాం, నువ్వు కారు తియ్యమన్నాను. అప్పటికే కారు తాళాలు చేతిలో ఉన్నాయి దానికి, నోటితోనే బెదురు. బయలుదేరుతుంటే మీ నాన్న హుండీలో వెయ్యమని నోట్లు ఇచ్చాడు. మీ అవ్వ ఆ నోట్లు కళ్ళకద్దుకుని మరీ చేతిసంచీలో పెట్టుకుంది.

పద్మిని మమ్మల్ని పాతకాలపు టిఫిన్ హోటలు లాంటి చోటికి తీసుకెళ్ళింది. పొద్దుటి పలహారాలు రోజంతా పెడతారు అక్కడ. శనివారం కదా, నీసు వద్దని చెప్పి, మా ఇద్దరికీ వాళ్ళ అట్లూ వేయించిన బంగాళాదుంపలూ చెప్పి, షాపింగు చేసుకుని వస్తానని వెళ్ళిపోయింది. ఆ అట్లలో కోడిగుడ్డు పడుతుందని తిరుగు కారులో చెప్పింది. అప్పటికి అవి అరిగిపోయాయి.

మీ అవ్వ గోడ పక్కన కూచుంది. బల్ల తన మీదికి లాక్కుంది, ఎవరూ లేపడానికి వీల్లేకుండా. ఇంతలో ఓ నెరిసిన జుట్టావిడ, ఇంచుమించు మా ఈడుదే, కాఫీ కూజా పట్టుకొచ్చి ఇద్దరి కప్పులూ నింపి వెళ్ళింది. మీ అవ్వ రెండు గుక్కలు తాగి కప్పు కింద పెట్టింది. ఆవిడ అటు వెళుతూ ఆగి మళ్ళీ నింపింది. మీ అవ్వ నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇంకెక్కడా చూడలేదు.

"అడక్కుండానే పోసె వదినగారూ."

"చూశాను."

"మళ్ళా తాగి పెడతా ఉండండి, పోస్తాదేమో సూస్తాం."

తాగింది. పోసింది. ఇంకోసారి తాగింది. ఇంకోసారి పోసింది. ఇంక మీ అవ్వకి హుషారొచ్చింది. అదీ తాగేసి, తన మెస్సులో గుమస్తాలు చేసినట్టు కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నట్టు తల తిప్పి, ఆవిడ బతిమాలుతుందని ఓరగా చూస్తూ కూచుంది. ఆ కాఫీ ఆవిడ నవ్వి, కూజా పట్టుకుని వెళ్ళిపోయింది.

మీ అవ్వ ముఖం చూడాలి అప్పుడు. కప్పు మీద చెయ్యి అలాగే ఉంది. అంతేనా అంది. ఒక్కసారి వద్దంటే పోవడమేనా, మనసులో ఏముందో కనుక్కోవద్దా, ఇదేం హోటలు అంది. ఇక్కడ వద్దంటే వద్దనే అర్థమని నేను చెప్పాను. ఈ ఊళ్ళో నాకూ మొదట్లో అలాగే అయింది, ఎవరింట్లోనో మొహమాటానికి టీ వద్దంటే నిజంగానే ఇవ్వలేదు. మీ అవ్వ చెయ్యి తీసి ఆ ఖాళీ కప్పులోకి చూసింది. పెళ్ళిలోనూ ఇట్లే పాయె అంది. అని, ఆ కప్పు ఎత్తి, హోటలు ఈ చివరినించి ఆ చివరికి కనబడేట్టు గాల్లో ఊపింది. ఆ నెరిసిన జుట్టావిడ పరుగున వచ్చింది. మీ అవ్వ కప్పు నిండుతుంటే ఎస్ ఎస్ అంది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే, ఆ రోజుకి సరిపోయింది.

అట్లు వచ్చాయి. దిబ్బరొట్టె అంత మందం, పైన వెన్నముద్ద, పక్కన పాకం. మీ అవ్వ వేలితో నొక్కి, పిండి పులవలేదని తేల్చింది. చేతిసంచీలోంచి చిన్న సీసా తీసి అట్టు మీద ఎర్రకారం రాసింది. బయటి తిండి తేకూడదని తలుపు మీదే రాసి ఉంటుందని పద్మిని ముందే హెచ్చరించింది. మీ అవ్వ సీసా కొంగు చాటున పెట్టుకుని, ఇది తిండి కాదు, నంజుకునేది అంది. ఆవిరి వస్తుండగానే మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడు పక్క బల్ల దగ్గర చంటిపిల్లాడు ఎత్తుకున్నాడు ఏడుపు. వాళ్ళమ్మ ఇంకా చిన్న వయసుదే, ఇద్దరు పిల్లలతో ఒక్కతే వచ్చింది. పెద్దది హోటలు వాళ్ళిచ్చిన రంగు పెన్సిళ్ళతో కాగితం మీద గీస్తోంది, చిన్నవాడు వెనక్కి విరుచుకుపోతున్నాడు. ఆ అమ్మాయి ముందు ప్లేటులో గుడ్లు ముట్టుకోకుండా ఉన్నాయి. మీ అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఒంట్లో అలవాటు చూడండి, అంత బల్లని వెనక్కి నెట్టి సగం లేచింది. నేను బల్ల కిందనించి కొంగు పట్టుకుని గట్టిగా లాగాను. లేచారంటే నేను పద్మినిని పిలిచి ఇంటికి పోతానన్నాను. ఆవిడ పిల్లాణ్ణి చూసింది. ఆవిరి కక్కుతున్న అట్టుని చూసింది. మళ్ళీ పిల్లాణ్ణి చూసింది. తర్వాత కూచుంది. బల్ల మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"నువ్వు పో వదినా," అంది. "నేను తింటాండా."

ఇన్ని నెలల్లో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ నువ్వు కూడా పని చెప్పడానికే వాడింది.

ఏం చేస్తాను, వెళ్ళాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి చేతులు చాపాను. తను సందేహించింది. ఎవరికైనా సందేహమే, చీర మీద మంచు కోటు వేసుకున్న ముసలిది చేతులు చాపితే. పిల్లాడు మాత్రం నా గాజులు చూసి తనే నా మీదికి దూకాడు. నేను వాళ్ళ బల్ల పక్కనే అటు రెండడుగులు, ఇటు రెండడుగులు ఊపుతూ తిరిగాను. ఆ అమ్మాయి తినడం మొదలెట్టింది. పెద్దపిల్ల రంగు పెన్సిళ్ళలో కొన్ని నా కోటు జేబులో పడేసింది, పనిచేసినందుకు జీతం అనుకుంటా. నేనటు తిరిగినప్పుడల్లా మీ అవ్వ కనబడుతోంది. తొందర లేకుండా, గోడకి జారగిలబడి, ఒక్కో ముక్కే కారంలో అద్దుకుని, కళ్ళు సగం మూసుకుని తింటోంది. తనది అయ్యాక నా బంగాళాదుంపలు కూడా తింది. నేను వచ్చి నా ప్లేటు వంక చూస్తే, చల్లారితే బాగుండవు కదా వదినా అంది.

హుండీ నోట్లు బిల్లుకి సరిపోయాయి. మిగిలినవి ఆ కాఫీ ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ రెండు బుగ్గలూ పుణికి వచ్చింది మీ అవ్వ.

ఇంటికి రాగానే మీ అమ్మ ప్రసాదం ఏదని అడిగింది. ఆ సంగతి మేం ఇద్దరం మరిచిపోయాం. నేను బూట్లు విప్పుకోడానికి వంగాను. మీ అవ్వ మాత్రం తడుముకోకుండా సంచీలో చెయ్యి పెట్టి, హోటలు బల్ల మీద పెట్టే ఆ చిన్న చిన్న జామ్ డబ్బీలు తీసింది. ఎప్పుడు సర్దిందో నాకూ తెలియదు. మీ నాన్న చేతులు కడుక్కుని వచ్చి, స్ట్రాబెర్రీ జామ్ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ఈమధ్య గుళ్ళో ఇది కూడా పెడుతున్నారా అత్తయ్యా అని అడిగాడు. తెల్లవాళ్ళెవరో మొక్కుకున్నారంట నాయనా అంది. నిశాంతూ, నువ్వు డబ్బీ మీది రేకుతో సహా నాకావు. అంత భక్తి నీకు మళ్ళీ రాలేదు.

మమ్మల్ని పట్టించింది నువ్వే ధాత్రీ. మర్నాడు పొద్దున్న నా కోటు జేబులో చాక్లెట్ల కోసం వెతికి రంగు పెన్సిళ్ళు బయటికి లాగావు. అవి చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "దిస్ ఈజ్ రెస్టారెంట్ క్రేయాన్. టెంపుల్ డజంట్ హావ్ క్రేయాన్స్," అన్నావు. నీ బూట్ల నేరం జరిగి వారమే అయింది, అప్పుడే పోలీసువై కూచున్నావు.

మీ అమ్మ సింకు దగ్గర నిలబడి ఉంది. నిన్ను తినమని పెట్టిన ఉప్మా నువ్వు వదిలేస్తే అది తింటోంది, నీ ప్లేట్లోనే, చెంచా లేకుండా. మా ఇద్దరి ముఖాలూ చూసింది, అర్థమైపోయింది. నేను దేవుడి పేరు మీద అబద్ధమాడినందుకు తిట్లు పడతాయని సిద్ధంగా ఉన్నాను. హుండీ డబ్బుల సంగతి కూడా తనే లెక్క కట్టేసుకుంటోందని తెలుస్తోంది. ఆ తిట్లు ఏవీ రాలేదు.

"నన్నెందుకు పిలవలేదమ్మా?" అంది.

మీ అవ్వ కూతురి చేతిలో ప్లేటు చూసింది, సింకు చూసింది, కాళ్ళు చూసింది. నువ్వు కూడా నిలబడే తింటాండావే రూపా, అని మెల్లిగా అంది. ఆ తర్వాత ఆ ప్లేటు లాగేసి కడిగేసింది. వచ్చే ఆదివారం అందరం హోటలుకి పోతున్నామని, పిల్లలకి పదేళ్ళు నిండేదాకా ఆగడానికి తనకి ఓపిక లేదని చెప్పింది. పిల్లలు ఇట్లే అరుస్తారు, ఇట్లే పారేస్తారు, దానికి మందు లేదు. అందరం లేస్తే అందరిదీ చల్లారుతుంది. ఒకరు లేవకూడదు. ప్రతిసారీ ఒకరు గోడ పక్కన కూచోవాలి, ఇల్లు కాలిపోతోందని చెప్పినా తినడం ఆపకూడదు. మిగతావాళ్ళు పిల్లల్ని చూసుకోవాలి. వంతులవారీగా. మీ నాన్న తన వంతెప్పుడని అడిగాడు. ఇన్నాళ్ళూ తిన్నావు కదా నాయనా, చివరన అంది.

మొదటి వంతు మీ అమ్మది. అదే హోటలు. ధాత్రి మళ్ళీ బల్ల కింద దూరింది, మీ నాన్న ఆఫీసు ప్యాంటుతో మోకాళ్ళ మీద పాకి పట్టుకున్నాడు. నిశాంతు చెంచా విసిరాడు, ఈసారి నేను తియ్యలేదు, వాడు తల్లి వైపు తిరగకుండా నోట్లో అట్టుముక్కలు కుక్కాను. వాడు ఏడ్చినప్పుడల్లా మీ అమ్మ భుజాలు ఎగురుతున్నాయి. పక్కనే మీ అవ్వ కాపలా. లేస్తే సూడు, అని పళ్ళ మధ్యనించి అంటోంది.

ఆ నెరిసిన జుట్టావిడ మా ఇద్దర్నీ గుర్తుపట్టి కూజాతో వచ్చింది. మీ అమ్మకి మొహమాటం, పుట్టుకతోనే. నో థాంక్స్ అని కప్పు మీద చెయ్యి పెట్టింది. మీ అవ్వ ఆ చేతిని వేలు వేలు పట్టుకుని కప్పు మీదనించి ఊడదీసింది.

"పోయించుకో రూపా. ఈడ రెండోతూరి అడగరు."

మీ అమ్మ పోయించుకుంది. మళ్ళీ పోయించుకుంది. ప్లేటులో పాకం కూడా వేలితో తుడిచి నాకింది, ఉద్యోగం చేసే పిల్ల. తినడం అయ్యాక గోడకి తల ఆనించి, ఆ గోలలోనే కాసేపు కునుకు తీసింది. మేం ఎవ్వరం లేపలేదు.

మీ అవ్వ ఆ తర్వాత చాలాసార్లు వచ్చి వెళ్ళింది. వచ్చినప్పుడల్లా ముందు వంతుల లెక్క అడిగేది, తను లేనప్పుడు ఎవరు ఎవరి వంతు కొట్టేశారో ఆరా తీసేది. ఓసారి తిరిగి వెళ్ళే రోజున ఎయిర్‌పోర్టు దారిలో తిందామని ఆగాం. వంతు ఆవిడది. మీ నాన్న గడియారం చూసుకుంటున్నాడు, ఫ్లైటుకి టైమైపోతోందని నిలబడి చెబుతున్నాడు, కూచుని చెబుతున్నాడు. మీ అవ్వ కప్పు ఎత్తి గాల్లో ఊపింది. వంతంటే వంతే నాయనా, ఇమానం నాకోసం ఆగకపోతే వచ్చేవారం పోతా అంది. నిజంగానే ఆఖరి మనిషిగా ఎక్కింది. చక్రాల కుర్చీలో కూచోబెట్టి పరిగెత్తించారు. వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపుతూ, నా సీటు ధాత్రికి ఇయ్యద్దు వదినా, అది లేస్తాది అని అరిచింది. ఆ మాట ఎందుకందో ఇప్పుడు తెలిసిందా నీకు? పోయినసారి నీ వంతులో కూడా ఫోను మోగితే లేచి పోయావు.

కడపలో చెల్లెలింట్లో ఉండేది ఆఖర్న. ఓ మధ్యాహ్నం భోజనానికి కూచుని, చెల్లెలు మారు అడిగితే ఊఁ అందట. చారు పోయించుకుని, మజ్జిగ పోయించుకుని, చెయ్యి కడుక్కుని, మంచం మీద నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. చెల్లెలు ఫోనులో చెప్పిందంతా ఇదే, నేను ఒక్క మాట కలపలేదు.

చంద్రకళకి అప్పుడు డెబ్బై ఒకటి.